మాటల ఇరుగుపొరుగు

తెలంగాణ సరిహద్దు దాటితే వచ్చే భోపాలపట్నం బస్టాండుకు ఎదురుగా నాకొక కంప్యూటర్ సెంటర్ ఉంది. ఆధార్, రేషన్ కార్డు, జనన మరణ పత్రాలు, పట్టా నకళ్ళు, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నా దగ్గరికే రావాలి. వచ్చినవాళ్ళు కూర్చుంటారని దుకాణం ముందు రేకు నీడలో ఒక బల్ల వేయించాను. తొమ్మిదేళ్ళుగా దాని మీద కూర్చుంటున్నది మాత్రం భీమశంకరం పెదనాయన. వచ్చినవాళ్ళంతా ఆయన చుట్టూ నిలబడతారు. లేవమని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టిందే తప్ప ఆయన అంగుళం జరగలేదు.

ఆయన ఒళ్ళో ఎప్పుడూ ఒక చిన్న ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు ఉంటుంది. అట్ట ఊడిపోతే గోనెగుడ్డ పెట్టి కుట్టుకున్నాడు. నా దగ్గర ప్రింటు తీసుకున్న కాగితం ఎవరూ నేరుగా ఇంటికి పట్టుకుపోరు. ముందు పెదనాయనకు చూపిస్తారు. నేను అంతా చదివి చెప్పినా సరే, "ఒక్కసారి పెద్దయ్యకు చూపిచ్చి పోత సాయమ్మా" అంటారు. నాకు ఒళ్ళు మండేది. కంప్యూటర్ నాది, కరెంటు బిల్లు నాది, నమ్మకం ఆయనది.

పెదనాయన ఏ మాటనూ ఒంటరిగా నమ్మడు. పిల్లనిచ్చే ముందు ఇరుగుపొరుగును వాకబు చేస్తాం కదా, అలాగే చేస్తాడు. నిఘంటువులో మాట దొరికాక దాని అర్థం చదివి ఊరుకోడు. పై ఇంట్లో ఏ మాట ఉంది, కింది ఇంట్లో ఏ మాట ఉంది అని చూస్తాడు. "మాట తన గురించి తను మంచిగనే చెప్పుకుంటది బిడ్డా. పక్కింటోణ్ణి అడిగితేనే నిజం తెలుస్తది" అంటాడు.

ఈ అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉన్నప్పుడు తునికాకు కల్లంలో కట్టల లెక్క రాసే ముంషీగా పనిచేసేవాడు. ఒక సీజన్లో గుత్తేదారు ఒక ఇంగ్లిషు కాగితం ముందుపెట్టి సంతకం చేయమన్నాడు. అందులో రిజైన్ అని ఉంది. పెదనాయనకు ఎనిమిదో తరగతి ఇంగ్లిషు వచ్చు. సైన్ అంటే సంతకం. ముందు 'రి' ఉంది కాబట్టి మరోసారి సంతకం. మొదటిది సరిగా పడలేదేమో అనుకుని ఈసారి గుండ్రటి అక్షరాలతో కుదురుగా చేశాడు. మర్నాడు కల్లానికి వెళితే తన కుర్చీలో ఇంకొకడు కూర్చుని కట్టలు లెక్కపెడుతున్నాడు.

ఆ వారమే భద్రాచలం పోయి నిఘంటువు కొనుక్కొచ్చాడు. రిజైన్ అంటే రాజీనామా అని అప్పుడు తెలిసింది. దాని కింద రెజిన్ ఉంది, చెట్టుబంక. దాని కింద రెసిస్ట్, ఎదిరించడం. "రెండు గీతలు కిందికి చూసి ఉంటే ఎదిరించేవాణ్ణి. చూడలేదు, బంకలాగ అతుక్కుంది" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ రోజు నుంచి ఇంగ్లిషు కాగితమంటే ఆయనకు పొదలో ఏదో కదిలినట్టే ఉంటుంది.

ఆయన పద్ధతి ఉత్త పిచ్చి అని కొట్టిపారేయడానికి లేకుండా పోయింది. అది మా ఖర్మ. భూములు కొలవడానికి మనుషులు వచ్చినప్పుడు నోటీసులో సర్వే అని ఉంది. పెదనాయన పుస్తకం తీశాడు. పై ఇంట్లో సర్వేలెన్స్, అంటే నిఘా. కింది ఇంట్లో సర్వైవ్, అంటే బతికి బయటపడటం. "పైన నిఘా, కింద ప్రాణగండం. మధ్యలో వీళ్ళ సర్వే. చూసుకోండి మరి" అన్నాడు. ఊళ్ళకు ఊళ్ళు గొలుసు పట్టుకున్నవాళ్ళ వెంట పొద్దంతా కాపలా తిరిగాయి. రెండుచోట్ల హద్దురాయి తప్పుగా పాతుతుంటే పట్టుకున్నాయి కూడా. కన్సెంట్ అనే కాగితం వచ్చినప్పుడు సమ్మతి కింద పర్యవసానం కాపురం ఉంటుందని చెప్పి, ఒక్క వేలిముద్ర పడనివ్వలేదు. ఇక ఆయన్ని ఎవరాపుతారు?

ఇంతా చెప్పింది భీమే అనే ఆమె వచ్చిన రోజు గురించి చెప్పడానికే.

భీమే తర్లగూడ దారిలో, రోడ్డు నుంచి లోపలికి నడిచిపోవాల్సిన ఒక ఊరి మనిషి. దొర్ల ఆదివాసీ. ఆమె మొగుడు మాసా ఏటా మిరపకోతలకు తెలంగాణ వైపు పోయేవాడు. ఈసారి కూడా ఊరివాళ్ళతో కలిసి పోయాడు. హోలీ ముందు అందరూ తిరిగొచ్చారు. రైతు ఇంకో వారం ఉండమన్నాడని మాసా, అదే ఊరి హుంగా, ఇద్దరే ఆగిపోయారు. పది రోజుల తరువాత హుంగా ఒక్కడే వచ్చాడు. మాసాకు జ్వరం వచ్చిందనీ, చేను గుడిసెలోనే పోయాడనీ, బండి దొరక్క అక్కడే వాగు ఒడ్డున పాతిపెట్టామనీ చెప్పాడు. అక్కడి పంచాయతీవాళ్ళు ఇచ్చిన మరణ పత్రం భీమే చేతిలో పెట్టాడు.

ఇద్దరు ఆగితే ఒక్కడు వచ్చాడు. శవం రాలేదు. వచ్చినవాడి కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి. అనుమానించడానికి ఊరికి ఇంతకన్నా ఏం కావాలి?

పట్టాలో మాసా పేరు తీసి తన పేరు ఎక్కించాలని భీమే నా దగ్గరికి వచ్చింది. నేను లోపల ఆమె దరఖాస్తు కొడుతున్నాను. ఆమె బయట పెదనాయన దగ్గర నిలబడి ఆ కాగితం మడతలు విప్పింది. తెలంగాణ కాగితం కదా, మావాటిలా పక్కన హిందీ లేదు, అంతా ఇంగ్లిషు.

"పెద్దయ్యా, ఇందుల హుంగా పేరు ఉందా?" అని అడిగింది. మొగుడి పేరు అడగలేదు. నాకు అప్పుడే వేళ్ళు ఆగిపోయాయి.

"ఉందమ్మా. కింద ఉంది."

"ఏమని ఉంది?"

పెదనాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. హుంగా పేరుకు ముందు ఇన్ఫార్మెంట్ అని అచ్చులో ఉంది. పుస్తకం తిప్పాడు. అందులో ఇన్ఫార్మల్ ఉంది, ఆ తరువాత ఇన్ఫర్మేషన్ ఉంది. చిన్న పుస్తకం, ఆ రెంటి మధ్య ఉండాల్సిన మాట లేదు. "ఈ ఇల్లు ఖాళీ" అని గొణుక్కున్నాడు. ఇల్లు ఖాళీగా ఉంటే ఏం చేస్తారు? పక్కింట్లో అడుగుతారు. వేలు కిందికి జరిపాడు. ఇన్ఫార్మర్ దొరికింది.

"వేగు. రహస్యంగా ఉప్పందించేవాడు" అని చదివాడు. చదివి ఒక క్షణం ఆగాడు. ఆగినవాడు ఆగక, భీమేకు ఇంకా తేలిగ్గా అర్థం కావాలని హిందీలో కూడా అన్నాడు. "ముఖ్‌బిర్."

మా వైపు ఆ మాట గట్టిగా అనరు. అటు పోలీసులకూ ఇటు అడవిలోవాళ్ళకూ మధ్య నలిగిన ఊళ్ళు మావి. ఒకప్పుడు అది పడ్డ మనిషి పొలానికి పోయి తిరిగొస్తాడని నమ్మకం ఉండేది కాదు. అన్నది ఎవరు, విన్నది ఎవరు అని కూడా చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు రోజులు మారాయంటారు. రోడ్డు పడింది, బస్సు టైముకు వస్తోంది. అయినా ఆ రోజు పెదనాయన నోట్లోంచి ఆ మాట రాగానే పక్కన చాయ్ తాగుతున్న ఇద్దరు గ్లాసులు కింద పెట్టి లేచిపోయారు.

భీమే ఏడవలేదు. "ఎవలకు చెప్పిండు? ఏం చెప్పిండు?" అంది.

"అది కాగితంల లేదమ్మా."

"ఎందుకుంటది" అని కాగితం మడిచి రవికలో దోపుకుంది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ రాయడమే దండగ. ఇన్ఫార్మెంట్ అంటే ఏంటో నాకు తెలుసు. వారానికి రెండుసార్లయినా ఆ గడి నింపుతాను. పుట్టుకో చావో జరిగిందని ఆఫీసులో చెప్పినవాడి పేరు రాసే గడి అది. ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ చెప్పినవాడు. అంతే. ఒక్క అడుగు బయటికి వేసి ఆ మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. హుంగా అలాంటివాడు కాదని అంటే, నీకెట్లా తెలుసని అడుగుతారు. నీకూ వాడికీ ఏంటి సంబంధమని అడుగుతారు. ప్రింటర్ మూత తెరిచి, కాగితం ఇరుక్కుందా అని చూస్తూ కూర్చున్నాను. ఏమీ ఇరుక్కోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పన్నెండు రోజుల తరువాత ఒక ఆడమనిషి వచ్చింది. నలుగురి ఆధార్ కార్డులు బల్ల మీద పెట్టి, అడ్రసు మార్చాలంది. ఏ ఊరికి అంటే తెలంగాణ వైపు ఒక ఊరి పేరు చెప్పింది. అక్కడ ఇల్లుందా అంటే లేదంది. భూమి ఉందా అంటే లేదంది. చుట్టాలు? లేరు. కార్డు మీద పేరు చూశాను. జోగి. భర్త పేరు హుంగా.

"బోరింగు కాడికి నేను పోతే అందరు బిందెలు ఇడిసి పక్కకు పోతరు" అంది. గొంతులో కోపం కూడా మిగల్లేదు. "ఇప్పపువ్వు ఏరనీకి పోతే మా చెట్టు కిందనే మమ్మల్ని నిలబెట్టి చూస్తరు. ఎవలూ తిట్టరు. తిట్టినా మంచిగుండు. ఆయనకు బువ్వ దిగుతలేదు. ఆకు కదిలితే లేచి నిలబడతడు. శనివారం ఎల్లిపోతం."

బయట బల్ల మీద పేజీ తిప్పిన చప్పుడు ఆగిపోయింది. జోగి తల తిప్పి పెదనాయన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వేనంట గదా చదివింది" అంది.

"పుస్తకంల ఏముందో అదే చెప్పిన" అన్నాడు పెదనాయన. చెప్పిన తీరులో దర్జా లేదు గానీ, తప్పు చేశాననే భయం కూడా లేదు. అది చూసి నాకు కోపం వచ్చింది. అది ఆయన మీదో నా మీదో ఇప్పటికీ తేల్చుకోలేను. కంప్యూటర్లో పాత ఫైళ్ళు వెతికి ఒక కాగితం ప్రింటు తీశాను. తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పుస్తకం మీద పడేశాను.

"చదువు పెదనాయనా. గట్టిగా చదువు. జోగి కూడా వింటుంది."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. మరణించినవారి పేరు, రామసుబ్బమ్మ. భర్త పేరు, భీమశంకరం. అక్కడ ఒకసారి గొంతు సవరించుకున్నాడు. నాలుగేళ్ళ కింద మా పెద్దమ్మ పోయినప్పుడు నేనే కొట్టిన ఫారం అది. ఒక్కో గీతా చదువుతూ కిందికి వచ్చాడు. కింద ఇన్ఫార్మెంట్ అని ఉన్న చోట తన పేరు ఉంది.

"ఇప్పుడు చెప్పు. పెద్దమ్మ మీద ఎవరికి ఉప్పందించావు నువ్వు?" అన్నాను.

అలా అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

కాగితం మీద తన పేరును వేలితో చూపించి అడిగాడు. "ఇది నువ్వే రాసినవా?"

"నేనే. నువ్వు ఈ బల్ల మీద కూర్చునే చెప్పావు."

"అంటే ఈ మాట నీకు ఎరుకే."

"ఎరుకే."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలే?"

"భయమేసింది" అన్నాను. పెదనాయన నన్ను తేరిపార చూశాడు. నిఘంటువులో లేని మాటను చూసినట్టు చూశాడు. తరువాత పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఆ పుస్తకం ఆయన ఒళ్ళోంచి దిగడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే పెదనాయన, భీమే ఊరికి పోదాం పద అని నా స్కూటీ వెనక కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మట్టిదారిలో పడిపోతాడేమోనని నాకు భయం. చొక్కా జేబులో పెద్దమ్మ ఫారం మడిచి పెట్టుకున్నాడు.

భీమే వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. పెదనాయన అడిగితే, ఎవరినో పంపి హుంగాను పిలిపించింది. హుంగా వచ్చి కంచె అవతలే ఆగాడు. సన్నటి మనిషి. జోగి అతని వెనకాలే వచ్చి, అతనికీ దారికీ మధ్యన నిలబడింది. ఇంకో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు పని లేనట్టు అటూ ఇటూ చేరారు. ఎవరూ కూర్చోలేదు.

"అమ్మా భీమే, నేను తప్పు చదివిన" అన్నాడు పెదనాయన నిలబడే. "ఆ మాటకు అర్థం వేగు కాదు. చావు కబురు ఆఫీసుల చెప్పినోడని అర్థం. తప్పు నాది. హుంగాది కాదు."

భీమే చేటలో పువ్వు చెరుగుతూనే ఉంది. "ఆ రోజు పుస్తకం చూసి చెప్పినవు. ఇయ్యాల ఏం చూసి చెప్తున్నవు పెద్దయ్యా?"

"ఆ రోజు నా పుస్తకంల ఆ మాట లేదు. పక్కమాట చూసి చెప్పిన."

"లేని మాటకు అర్థం ఎట్ల చెప్పినవు?" అని కంచె దగ్గర ఒకతను అడిగాడు. ఇంకొకతను, "ఇప్పుడు ఎవలు చెప్పమంటే వచ్చినవు? ఆమె తోలుకొచ్చిందా?" అని నా వైపు గడ్డం ఎత్తాడు. ఇదే నేను భయపడింది. ఒకసారి పడ్డ మాటను తీయబోతే తీయబోయిన చేతిని కూడా పట్టుకుంటారు. స్కూటీ తాళం ఎక్కడుందో తడుముకున్నాను, అబద్ధమెందుకు.

పెదనాయన జేబులోంచి కాగితం తీశాడు. "ఇది నా పెళ్ళాం కాగితం. ఇందుల కూడా అదే మాట ఉంది. దాని పక్కన నా పేరు ఉంది."

భీమే చేట కింద పెట్టింది. ఆమెకు చదువు రాదు. తన కాగితం రవికలోంచి తీసి, రెండూ పక్కపక్కన పట్టుకుని, ఆ మాట ఆకారం పోల్చి చూసింది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసింది. రెండూ ఒకటేనని ఆమెకు తెలిసిపోయింది.

"అయితే నువ్వు కూడనా?" అంది.

కంచె దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెదనాయన చెయ్యి అలవాటుగా పుస్తకం కోసం తడుముకుంది. ఎన్ని వేల మాటలకు అర్థాలు చెప్పిన మనిషి! చివరికి, "రామసుబ్బమ్మ పోయిందని చెప్పిన. అంతే చెప్పిన. నేను తప్ప చెప్పెటోళ్ళు ఎవలూ లేరు. నా నోటితోనే చెప్పాల్సొచ్చింది" అన్నాడు. అని ఎండలో నిలబడి ఏడ్చాడు. ముఖం దాచుకోలేదు.

భీమే ఆయన్ని చూసింది. తరువాత, ఇన్ని రోజుల్లో మొదటిసారి, కంచె అవతలి మనిషి ముఖంలోకి చూసింది.

"నువ్వేం చెప్పినవు?"

హుంగా నేల చూస్తూ మాట్లాడాడు. "పేరు అడిగిన్రు. చెప్పిన. అయ్య పేరు అడిగిన్రు, ఊరు అడిగిన్రు. ఈడు ఎంత అంటే, నాకు ఎంతో ఆయనకు అంతే అన్న. నా ఈడు ఎంత అంటే తెల్వదన్న. పెండ్లాం ఉందా అంటే ఉంది, భీమే అని చెప్పిన. నిజంగనే సచ్చిపోయిండా, నువ్వు చూసినవా అని మూడుసార్లు అడిగిన్రు. రెండుసార్లు చెప్పిన. మూడోసారి నోరు రాలే. తలకాయ ఊపిన. రాసుకున్నరు."

"ఇదంత నాకెందుకు చెప్పలే?"

"చెప్పనీకే వచ్చిన. జ్వరం, సచ్చిపోయిండు అనంగనే నువ్వు తలుపు ఏసుకున్నవు. మల్ల వస్తే నా చెప్పులు చూసినవు గని నన్ను చూడలే."

ఆ ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు ఒకళ్ళ తరువాత ఒకళ్ళు జారుకున్నారు. నమ్మారో నమ్మలేదో వాళ్ళ వీపులు చూసి చెప్పలేను. శనివారం ప్రయాణం ఆగుతుందో లేదో కూడా అప్పటికి నాకు తెలియదు. జోగి ఇంకా దారికి అడ్డంగానే నిలబడి ఉంది.

భీమే ఎండబోసిన ఇప్పపువ్వును చేత్తో ఒక పక్కకు నెట్టి, ఒక మనిషి కూర్చునేంత చోటు చేసింది.

"లోపలికి రా. కూసో" అంది హుంగాతో. "జ్వరం ఏ పూట వచ్చింది? ఆడినించి చెప్పు."